బోటు ఇంజిన్ అదురు, ఆయిలు: వేట నిషేధం రోజుల్లో ఎలా చూసుకోవాలి?

ఏప్రిల్ 15 వచ్చిందంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లన్నీ జెట్టీల దగ్గర ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, తూర్పు తీరం పొడవునా వాటికి వేట నిషేధం. వలలు అల్లేవాళ్లకు, చెక్క పనివాళ్లకు, రంగులు వేసేవాళ్లకు ఈ రోజుల్లో చేతినిండా పని. ఇంజిన్‌ని మాత్రం చాలామంది ఆఖరి వారానికి వదిలేస్తారు. జూన్ రెండో వారానికి మెకానిక్కు దొరకడు, ఆటోనగర్‌లో లేతు పనికి వరస దొరకదు. ఏదో ఒకటి బిగించేసి బోటు తీసేస్తారు.

ఇరవై ఏళ్లకు పైగా ఈ ఇంజిన్ల దగ్గరే నా పని. చెడిపోయి నా దగ్గరకొచ్చిన ఇంజిన్లలో ఉన్నట్టుండి చెడిపోయినవి చాలా తక్కువ. మిగతావన్నీ వారాల ముందు నుంచే అదురుతోనో, ఆయిలుతోనో చెబుతూ వచ్చినవే. లారీ ఇంజిన్ పట్టేస్తే రోడ్డు పక్కన ఆపి మెకానిక్కు కోసం ఎదురు చూడొచ్చు. ఒడ్డుకు నలభై మైళ్ల అవతల పట్టేస్తే బోటులో ఉన్న ఎనిమిది మందీ గాలి ఎటు తోస్తే అటే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. నేను చెప్పేది బోటు గురించే అయినా, అపార్ట్‌మెంట్ జనరేటర్‌కీ, పొలంలో డీజిల్ ఇంజిన్‌కీ ఇందులో ముప్పాతిక వంతు పనికొస్తుంది.

ముందుగా అదురుకీ ఆయిలుకీ ఉన్న లంకె

నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్టు, అంటే పిస్టన్ల ఊపుని తిరుగుడుగా మార్చే ఇరుసు, సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. ఒక్కో పిస్టన్ సెకనుకు 50 సార్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. ఒక్కో సిలిండర్‌లో సెకనుకు పన్నెండున్నర సార్లు డీజిల్ మండుతుంది. ఆరు సిలిండర్లుంటే సెకనుకు 75 దెబ్బలు. ఆ దెబ్బలన్నీ చివరికి క్రాంక్ షాఫ్టు కింద ఉన్న మెటల్స్ మీదే పడతాయి. మెటల్స్ అంటే షెల్ బేరింగులే, షాఫ్టు ఆని తిరిగే పల్చటి అరవంపు రేకులు. షాఫ్టు 80 మిల్లీమీటర్ల లావుంటే దాని పైతలం గంటకు 22 కిలోమీటర్ల వేగంతో ఆ మెటల్ మీద జారుతూ ఉంటుంది, అంటే సైకిల్ బలంగా తొక్కినంత వేగం. ఇనుము మెటల్‌కి తగలకుండా మధ్యలో ఉండేది ఆయిల్ పొర ఒక్కటే. బరువు బాగా పడే చోట ఆ పొర మన తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు.

అంత పల్చటి పొర అన్ని దెబ్బలను ఎలా మోస్తుంది? 1883లో ఇంగ్లండ్‌లో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేశాడు. బేరింగ్ పైన రంధ్రం పెట్టి అందులోంచి ఆయిల్ పోద్దామనుకుంటే, ఇరుసు తిరుగుతుండగా కింద నుంచే ఆయిలు పైకి పొంగుకొచ్చింది. బిరడా పెడితే తన్నేసింది. చెక్క మేకు కొడితే దాన్నీ తోసేసింది. తిరిగే షాఫ్టు ఆయిల్‌ని తన కిందకి తానే లాక్కుని, ఆ ఒత్తిడి మీద తేలుతుందని అలా బయటపడింది. మూడేళ్లకు ఆస్బోర్న్ రేనాల్డ్స్ దాని లెక్క తేల్చాడు. ఆయిల్ పంపు పని ఆయిల్‌ని బేరింగ్ దాకా చేర్చడం వరకే. షాఫ్టుని తేల్చేది దాని తిరుగుడే. అందుకే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లోనూ, ఆపేటప్పటి చివరి క్షణాల్లోనూ ఎక్కువ అరుగుదల ఉంటుంది.

ఇక్కడే అదురుకీ ఆయిలుకీ లంకె పడుతుంది. ఆయిలు పల్చబడినా తగ్గినా మెటల్ అరుగుతుంది. అరిగితే సందు పెరుగుతుంది. ఆ సందులోంచి ఆయిలు ఇట్టే జారిపోయి ప్రెషర్ పడిపోతుంది. షాఫ్టు ఆ సందులో కొట్టుకుని అదురు పుడుతుంది. ఆ అదురుకి బోల్టులు వదులవుతాయి, గొట్టాలు చిట్లుతాయి, ఇంకాస్త ఆయిలు కారిపోతుంది. అందుకని ఈ రెంటినీ ఎప్పుడూ కలిపే చూడాలి. అదురు గురించి ఫిర్యాదు వస్తే నేను ముందు తీసేది ఆయిలు మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్కే. ఆయిలు తగ్గుతోందంటే ముందు చెయ్యి వేసేది ఇంజిన్‌ని మోసే కాళ్ల మీద, అంటే మౌంటింగుల మీద.

1. ఇంజిన్ బాగున్నప్పుడే చేత్తో చూసి పెట్టుకోండి

ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఎంత అదురుతుందో తెలియకపోతే, జబ్బు చేసినప్పటి అదురు ఎలా తెలుస్తుంది? డీజిల్ ఇంజిన్ అసలు అదరకుండా ఉండదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి పుట్టుకతోనే ఒక అదురు ఉంటుంది, పిస్టన్ల బరువులు అందులో పూర్తిగా చెల్లు కావు. వరసగా ఆరు సిలిండర్లున్న దానిలో అవి దాదాపు చెల్లయిపోతాయి, అందుకే అది మెత్తగా నడుస్తుంది. కాబట్టి పక్క బోటుతో పోల్చి చూస్తే ఉపయోగం లేదు. మీ ఇంజిన్‌ని దాని పాత తీరుతోనే పోల్చాలి.

పని మొదలుపెట్టే ముందు లుంగీ ఎగ్గట్టి గట్టిగా బిగించుకోండి, వీలైతే ప్యాంటు వేసుకోండి. మెడలో తువ్వాలు తీసెయ్యండి. ఫ్యాన్ బెల్టు తువ్వాలుని లాక్కుంటే మనిషి తప్పించుకునే వ్యవధి ఉండదు. చేతికి కడియం, ఉంగరం ఉన్నా తీసి జేబులో పెట్టుకోవాలి.

ఇంజిన్ బాగా వేడెక్కాక మూడు స్పీడులు ఎంచుకోండి. ఒకటి స్లో, ఒకటి వల లాగే స్పీడు, ఒకటి ప్రయాణం స్పీడు. ఒక్కో స్పీడులో నాలుగు మౌంటింగుల దగ్గర, గేర్‌బాక్స్ మీద, ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి వెళ్లే చోట పక్కన ఉన్న చెక్క మీద అరచెయ్యి ఆనించి చూడండి. తిరిగే షాఫ్టుకీ, సైలెన్సర్‌కీ చెయ్యి దూరం. తర్వాత ఇంజిన్ బెడ్డు మీద ఒక స్టీలు గ్లాసుతో సగం నీళ్లు పెట్టండి. నీటి మీద ఎలాంటి గీతలు పడుతున్నాయో చూసి ఫోన్‌లో పది సెకన్లు వీడియో తీసుకోండి. ఫోన్‌లో అదురు కొలిచే యాప్‌లు కూడా ఉన్నాయి. వాటి అంకెను ఖచ్చితమైన కొలతగా తీసుకోకండి. అదే ఫోన్, అదే చోట, అదే స్పీడులో పెట్టి పోయిన నెలతో పోల్చుకోవడానికి మాత్రం బాగా పనికొస్తాయి.

లోపలి చప్పుడు వినడానికి పొడవాటి స్క్రూడ్రైవర్ చాలు. మొన ఇంజిన్ బాడీకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు తాకించండి. వాల్వులు తెరిచే టాపెట్ల టకటకలు పైన, వేగంగా, పల్చగా వినిపిస్తాయి. మెటల్స్ దెబ్బ కింద నుంచి, బరువుగా, రోకటిపోటులా వస్తుంది. ఆ రెండో చప్పుడు వినబడిందా, ఇంజిన్ ఆపెయ్యాల్సిందే. ఇంకో ట్రిప్పు చూద్దాం అనుకున్నవాళ్లలో కొందరికి కనెక్టింగ్ రాడ్డు బ్లాకుని చీల్చుకుని బయటికొచ్చింది.

2. పొద్దున్నే డిప్‌స్టిక్: మట్టం ఒక్కటే చూస్తే చాలదు

రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌లో స్టార్ట్ చేయకముందే చూడాలి. నడిచిన ఇంజిన్ అయితే ఆపి కనీసం పది నిమిషాలు ఆగాలి. కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తియ్యండి. మట్టం రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉండాలి. ఎక్కువుంటే మంచిదే కదా అని పై గీత దాటించకండి. క్రాంక్ షాఫ్టు ఆయిల్లో మునిగి చిలికితే నురగ వస్తుంది. నురగలో గాలి ఉంటుంది, గాలి షాఫ్టుని మోయలేదు.

ఇప్పుడు ఆయిల్‌ని చూపుడువేలు, బొటనవేలు మధ్య పెట్టి రుద్దండి. నల్లగా ఉందని కంగారు పడకండి. డీజిల్ ఆయిల్ పని మసిని కడిగి తనలో పట్టి ఉంచడమే కాబట్టి మార్చిన కొద్ది గంటలకే నల్లబడుతుంది. వేలికి గరుకు తగిలితే ప్రమాదం. నీళ్లలా జారిపోయి డీజిల్ వాసన కొడితే డీజిల్ చిమ్మే నాజిల్లోంచో పంపులోంచో డీజిల్ కిందికి దిగుతోందని అర్థం. పాలు కలిపిన కాఫీ రంగులోకి మారితే నీళ్లు కలిశాయి. సముద్రపు నీటితో చల్లబరిచే ఇంజిన్‌లో కూలర్ గొట్టం చిల్లు పడినా అదే రంగు వస్తుంది. ఉప్పునీరు మెటల్స్‌ని వారంలోనే కొరికేస్తుంది, దాంతో ఒక్క గంట కూడా నడపకండి.

అన్నిటికన్నా ఎక్కువ మోసపోయేది మట్టం పెరిగినప్పుడు. ఒక సోనా బోటు కుర్రాడు నా దగ్గరకొచ్చి సంతోషంగా, "అన్నా, మా ఇంజిన్ నెల నుంచి చుక్క ఆయిలు తాగలేదు" అన్నాడు. కడ్డీ తీసి చూస్తే పై గీతకు అర అంగుళం పైన ఉంది, వేళ్ల మధ్య జిగురే లేదు. ఇంజిన్ ఆయిలు తాగుతూనే ఉంది, ఆ లోటుని డీజిల్ భర్తీ చేస్తూ వచ్చింది. అదృష్టవశాత్తూ అప్పటికింకా మెటల్స్ పూర్తిగా పోలేదు. ఆయిలు పోయకుండా మట్టం పెరిగితే అది ఎప్పుడూ చెడ్డ వార్తే.

సందేహముంటే బ్లాటింగ్ పేపర్ మీదో, కాఫీ వడకట్టే కాగితం మీదో వేడి ఆయిల్ ఒక్క చుక్క వేసి, నీడలో రెండు మూడు గంటలు వదిలెయ్యండి. మచ్చ ఒకే తీరుగా పరుచుకుంటే ఆయిల్లో ఇంకా సత్తువ ఉంది. మధ్యలో తారులా గడ్డ కట్టి, అంచు గీత గీసినట్టుంటే మసిని పట్టి ఉంచే శక్తి అయిపోయింది. చుట్టూ జిడ్డుగా, వెడల్పుగా లేత వలయం వస్తే డీజిల్ కలిసింది. నీళ్ల అనుమానముంటే ఆరుబయట పాత పెనం వేడి చేసి దాని మీద ఒక చిన్న చుక్క, నిజంగా చిన్న చుక్కే, దూరం నుంచి వెయ్యండి. చిటపటమందంటే నీరు ఉన్నట్టే. రైల్వే డీజిల్ షెడ్లలో ఇదే పనికి ల్యాబులున్నాయి. ఆయిల్ శాంపిల్‌లో ఇనుము, రాగి, సీసం ఎంతెంత ఉన్నాయో కొలిచి, ఏ భాగం అరుగుతోందో ఇంజిన్ విప్పకుండానే చెప్పేస్తారు. మనకు ఉన్నవి వేలూ, కాగితమూ, పెనమూ. రోజూ వాడితే అవీ తక్కువేం కాదు.

3. ఆయిల్ మార్చాల్సింది నిషేధం మొదట్లో, చివర్లో కాదు

ఇది చెబితే ఓనర్లు నాతో వాదిస్తారు. "రెండు నెలలు ఖాళీగా ఉండే ఇంజిన్‌కి ఇప్పుడే కొత్త ఆయిలెందుకు, జూన్‌లో పోద్దాం" అంటారు. వాడిన ఆయిల్లో డీజిల్ మండగా పుట్టిన ఆమ్లాలు, తేమ ఉంటాయి. నడుస్తున్నంతసేపూ ఆ తేమ ఆవిరైపోతుంది. ఆపి వదిలేస్తే, అందులోనూ మన సముద్రపు గాలిలో, ఆ ఆయిలు రెండు నెలలపాటు మెటల్స్‌ని మెల్లగా తింటూ కూర్చుంటుంది. కాబట్టి ఏప్రిల్‌లో బోటు కట్టేసిన వారంలోనే మార్చండి.

ఎన్నాళ్లకు మార్చాలన్నది కూడా నెలల్లో లెక్కపెట్టకండి, గంటల్లో లెక్కపెట్టండి. ఈ తరహా ఇంజిన్లకు చాలా కంపెనీల పుస్తకాల్లో 250 గంటలని ఉంటుంది, మీ పుస్తకంలో ఏముంటే అదే ప్రమాణం. ఇరవై రోజుల వేటకు వెళ్లి రోజుకు పదిహేను గంటలు నడిపితే 300 గంటలు. అంటే ఒక్క ట్రిప్పులోనే గడువు దాటిపోయింది! అపార్ట్‌మెంట్ జనరేటర్‌ది దీనికి తలకిందులు. ఏడాదికి నలభై గంటలు కూడా నడవకపోయినా ఏడాదికోసారి మార్చాల్సిందే, గంటలు నిండకపోయినా ఆయిల్లో తేమ చేరుతూనే ఉంటుంది.

ఇంజిన్‌ని లోడు మీద అరగంట నడిపి, వేడిగా ఉండగానే కింది ప్లగ్గు విప్పండి. వేడి ఆయిలు మసినీ, మెటల్ పొడినీ తనతో తీసుకుని దిగుతుంది. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిలుండే తొట్టె) కింద పళ్లెం పెట్టే చోటు లేని బోట్లలో డిప్‌స్టిక్ గొట్టంలోంచి చేతి పంపుతో లాగొచ్చు. పాత ఆయిల్‌ని డబ్బాల్లో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వండి. హార్బర్ నీళ్లలో పోస్తే మన పిల్లలు తినే చేపల మీదే పోసినట్టు.

ఏ ఆయిల్? ఈ ఇంజిన్లలో ఎక్కువ వాటికి 15డబ్ల్యూ-40 సరిపోతుంది. ముందు అంకె చలిలో ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది, విశాఖలో దానితో మనకు పెద్ద పని లేదు. రెండోది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది, మనకు కావలసింది అదే. డబ్బా మీద సీఎఫ్-4, సీఐ-4 లాంటి డీజిల్ గ్రేడ్ ఉందో లేదో చూడండి. అది మీ ఇంజిన్ పుస్తకంలో చెప్పిన దానికన్నా తక్కువ ఉండకూడదు. ప్రెషర్ తగ్గిందని ఇంకా చిక్కటి ఆయిలు పోయించుకునేవాళ్లున్నారు. మీటరు ముల్లు పైకి లేస్తుంది, మనసు కుదుటపడుతుంది. లోపల అరిగిన మెటల్ మాత్రం అరిగినట్టే ఉంటుంది, పైగా ఆ చిక్కటి ఆయిలు స్టార్ట్ చేయగానే పైన వాల్వులను నొక్కే రాకర్ల దాకా ఆలస్యంగా చేరుతుంది. ఈ పని చేయమని ఎవరడిగినా నేను చేయను.

ఫిల్టర్‌ని పారేయకముందు కోసి చూడండి. అసలు విషయం దాంట్లోనే ఉంటుంది. రేకుని కత్తిరించి, లోపలి మడతల కాగితాన్ని తీసి, ఆయిలు పిండేసి, ఎండలో పరవండి. నలుసులు మెరిస్తే అయస్కాంతం దగ్గర పెట్టండి. అంటుకున్నది ఇనుము, అంటే రింగులో, లైనరో, గేరో. అంటుకోకుండా వెండి రంగులో మెరిసేది మెటల్స్ పై పొరో, పిస్టన్ అల్యూమినియమో. రాగి రంగు కనిపించిందంటే మెటల్ పై పొర అరిగిపోయి కింది పొర బయటపడిందేమోనని, బుష్‌లు పోయాయేమోనని చూడాలి. ఒకటి రెండు నలుసులకు భయపడక్కర్లేదు. చిటికెడు పోగయితే సముద్రానికి వెళ్లే ముందు ఛాంబర్ దింపాల్సిందే.

కొత్త ఫిల్టర్ నిటారుగా బిగించేదైతే ముందే శుభ్రమైన ఆయిలుతో నింపండి. రబ్బరు వలయానికి ఆయిలు రాసి చేత్తోనే బిగించండి. ఆయిలు పోశాక, ఇంజిన్ అందుకోకుండా స్టాప్ లివర్ లాగి పట్టుకుని, సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లు తిప్పి, కాస్త ఆగి, మళ్లీ తిప్పండి. ప్రెషర్ ముల్లు కదిలాకే లివర్ వదిలి స్టార్ట్ చేయాలి. పొడి మెటల్స్ మీద షాఫ్టుని తిప్పకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు.

ఆ తర్వాత నిషేధమంతా వారానికోసారి స్టాప్ లివర్ లాగి ఉంచి, చేత్తో క్రాంక్‌ని ఒకటింపావు చుట్టు తిప్పండి. పిస్టన్ ప్రతిసారీ వేరే చోట ఆగుతుంది, రింగులు ఒకేచోట లైనర్‌కి పట్టేయవు. రోజూ ఐదు నిమిషాలు స్లోలో తిప్పి ఆపేసే అలవాటు మాత్రం మంచిది కాదు. ఇంజిన్ వేడెక్కదు, తేమ ఆవిరి కాదు, సగం కాలిన డీజిల్ ఆయిల్లోకి దిగుతుంది. జనరేటర్ల విషయంలో కూడా ఇదే జరుగుతుంది. నెలకోసారి అరగంట, లిఫ్టు, నీళ్ల మోటారు లోడు పెట్టి నడపాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజు ఎప్పుడొస్తుందో జనరేటర్‌కి ముందే చెప్పలేం.

4. అదురు ఎక్కడిదో పట్టుకోవడం

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక బోటు అదురుతోందని పిలిస్తే వెళ్లి, వదులైన మౌంటింగ్ బోల్టులు కనిపించగానే వాటిని శక్తికొద్దీ బిగించి వచ్చేశాను. రెండు రోజులకు అవే బోల్టులు మళ్లీ వదులు. మూడోసారి వెళ్లినప్పుడు పైన కూర్చున్న ముసలి సరంగు, అంటే బోటు నడిపే పెద్దాయన, ఒకే మాట అన్నాడు: "బాబూ, గేరు తీసి సూడు. అప్పుడూ అదిరితే ఇంజినే. అదరకపోతే నీటి కింద సూడాల." గేరు తీస్తే ఇంజిన్ మెత్తగా నడిచింది. బోటు కింద ప్రొపెల్లర్ మొదట్లో నైలాన్ వల ముక్క పేనుకుని తాడులా బిగుసుకుంది. బోల్టులు వదులవ్వడం జబ్బు కాదు, జబ్బు చూపించే గుర్తు. నేను ఆ గుర్తుని బిగించి జబ్బుని వదిలేశాను. అప్పటికే షాఫ్టు సీలు పోయింది. ఆ రోజు నుంచి ఆయన చెప్పిన వరసే నా వరస.

కాబట్టి మొదట న్యూట్రల్‌లో చూడండి. అదే స్పీడులో న్యూట్రల్‌లో కూడా అదిరితే తప్పు ఇంజిన్‌లోనో మౌంటింగుల్లోనో ఉంది. గేరు వేస్తేనే అదిరితే కప్లింగు (గేర్‌బాక్స్‌ని ప్రొపెల్లర్ షాఫ్టుతో కలిపే రెండు పళ్లేల జోడు), షాఫ్టు, ప్రొపెల్లర్ వైపు వెళ్లండి. ఒకే ఒక్క స్పీడులో వచ్చి దాటగానే పోతుంటే అది అనునాదం. ఊయలని సరైన సమయానికి తోసినప్పుడు చిన్న చెయ్యి కూడా పెద్ద ఊపు తెస్తుంది కదా, అలా. ఆ స్పీడులో నిలపకుండా దాటించెయ్యండి. కొత్తగా మొదలైందంటే మాత్రం మౌంటింగు రబ్బరు మెత్తబడి ఉంటుంది, లేదా క్రాంక్ ముందు భాగంలో ఉండే డ్యాంపర్ పోయి ఉంటుంది. డ్యాంపర్ మీద చాలామంది దృష్టి పెట్టరు. అది క్రాంక్ షాఫ్టు మెలిపడే అదురుని పీల్చుకునే చక్రం. దాని రబ్బరు పగిలినా, పక్కకు జరిగినా వెంటనే మార్చాలి, లేకపోతే క్రాంక్ షాఫ్టే విరగొచ్చు.

స్లోలో ఇంజిన్ కుంటుతున్నట్టు, ఒక లయలో ఊగుతుంటే ఒక సిలిండర్ పనిచేయట్లేదు. పాత తరహా పంపు ఉన్న ఇంజిన్‌లో, స్లోలో, ఒక్కో నాజిల్ పైపు నట్టుని గుడ్డ కప్పి కొద్దిగా వదులు చెయ్యండి. మంచి సిలిండర్‌ది వదిలితే ఇంజిన్ ఇంకా కుంటుతుంది. ఏది వదిలితే తేడా రాదో అదే దొంగ. కళ్లద్దాలు పెట్టుకోవాలి. కారే డీజిల్ ముందు వేలు పెట్టకూడదు. ఆ ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది, పైకి సూది పోటులా కనిపించినా గంటల్లో చెయ్యి పోయే ప్రమాదం. అలా జరిగితే ఇంటి వైద్యం వద్దు, నేరుగా కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్లండి. కొత్త తరహా కామన్ రైల్ ఇంజిన్ అయితే ఈ పరీక్ష అసలు చేయకండి, అందులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది.

మౌంటింగుల దగ్గర రెండు చూడాలి. రబ్బరు ఆయిలు తాగి ఉబ్బిందా, పగిలిందా అన్నది ఒకటి. ఆయిల్ కారుడు అదురుగా మారే దారుల్లో ఇదీ ఒకటి. ఇంజిన్ నాలుగు కాళ్ల మీదా కుదురుగా కూర్చుందా అన్నది రెండోది. ఒక కాలు ఆనని పీట మీద కూర్చున్నట్టుంటే బోల్టు బిగించినప్పుడల్లా బ్లాకే వంగుతుంది. ఇంజిన్ ఆపి, ఒక్కో బోల్టుని వదులు చేసి, కాలి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరుతుందేమో చూడండి. దూరితే ఆ మందం రేకు పెట్టాలి.

కప్లింగు సరిచూడటం బోటు నీటిలో ఉన్నప్పుడే చెయ్యాలి, ఒడ్డు మీద కాదు. చెక్క బోటు నీటిలోకి దిగాక దాని ఒళ్లు కొద్దిగా మారుతుంది. దించి ఒకటి రెండు రోజులయ్యాక కప్లింగు బోల్టులు తీసి, రెండు పళ్లేలు దగ్గరకు తెచ్చి, పైన, కింద, కుడి, ఎడమల్లో సందు కొలవండి. పళ్లెం వ్యాసం ఎన్ని అంగుళాలుంటే అన్ని థౌల తేడా వరకు సరే, ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఐదంగుళాల పళ్లెంలో ఐదు థౌలకు మించితే ఇంజిన్‌ని జరపాల్సిందే. ప్రొపెల్లర్ రెక్కల అంచులు వంగాయా, ఒక రెక్క తిన్నదా అన్నది బోటు ఒడ్డు మీద ఉండగానే చూసుకోవాలి, నీటిలోకి దిగాక మళ్లీ ఏడాది దాకా కుదరదు.

5. గొట్టాలూ క్లిప్పులూ

చిన్న పనే, పదిహేను నిమిషాలు చాలు. ఒకసారి ఒక ఇంజిన్‌లో ఆయిలు ఎక్కడ కారుతోందో రెండు రోజులు దొరకలేదు. చివరికి ప్రెషర్ మీటరుకు వెళ్లే సన్నటి రాగి గొట్టాన్ని, క్లిప్పు తీసేసి, పొడి గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూస్తూ కూర్చున్నాను. మొదట ఏమీ లేదు. కాసేపటికి క్లిప్పు ఉన్నచోట వెంట్రుకంత గీత తడిసింది. ఆ తడి ఆవగింజంత బొట్టయింది. ఇంజిన్ ఒక్కో దెబ్బకీ ఆ బొట్టు వణుకుతూ పెరిగి, జారి, కింద ఉన్న సైలెన్సర్ గొట్టం మీద పడి సన్నగా పొగయింది. క్లిప్పులోని రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. రాగి అదిరీ అదిరీ గట్టిపడి చిట్లింది.

ఇంజిన్ గదిలో మంట పుట్టే దారి ఇలాంటిదే. 2023 నవంబరులో హార్బర్‌లో రాత్రికి రాత్రి పదుల బోట్లు కాలిపోవడం మనందరం చూశాం. ఆ ప్రమాదం సంగతి వేరు. కానీ మంట ఒక బోటు నుంచి ఇంకో బోటుకి ఎంత తొందరగా పాకుతుందో ఆ రాత్రి తెలిసింది. ప్రతి ఆయిల్ గొట్టానికీ, డీజిల్ గొట్టానికీ రబ్బరున్న క్లిప్పు ఉండాలి. ఆయిల్ గుడ్డలు ఇంజిన్ గదిలో వదలకూడదు. గొట్టాన్ని చేత్తో కదిపితే కదలకూడదు, పక్క ఇనుముకి రాసుకోకూడదు.

6. స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు

స్టార్ట్ అవ్వగానే రేస్ చేయకండి. ప్రెషర్ ముల్లు లేచాక కూడా రెండు మూడు నిమిషాలు స్లో పైన కొద్దిగా నడపండి. ఆపేటప్పుడు, టర్బో (పొగ ఊపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి తోసే చక్రం) ఉంటే, మూడు నుంచి ఐదు నిమిషాలు స్లోలో ఉంచాలి. చిన్న టర్బో లోడులో నిమిషానికి లక్ష చుట్లు దాకా తిరుగుతుంది. ఒక్కసారిగా ఆపితే ఆయిలు రావడం ఆగిపోతుంది గానీ అది తిరగడం ఆగదు, ఆ వేడికి లోపలి ఆయిలు మాడి బొగ్గవుతుంది.

వేడెక్కాక ప్రెషర్, చాలా ఇంజిన్లలో పూర్తి స్పీడులో 3 నుంచి 5 బార్ల మధ్య, స్లోలో ఒక బారు దరిదాపుల్లో ఉంటుంది. మీ పుస్తకంలోని అంకెనే నమ్మండి. నడుస్తుండగా ముల్లు పడిపోతే మీటరు పాడైందేమో అని ఆలోచిస్తూ కూర్చోకండి. ముందు ఇంజిన్ ఆపండి, ఆలోచన తర్వాత.

7. ఒక నోటుబుక్కు

రోజుకి ఒక వరస చాలు: తేదీ, గంటల మీటరు, ఎంత ఆయిలు పోశారు, వేడి మీద స్లోలో ప్రెషర్ ఎంత, అదురు నిన్నటిలా ఉందా లేదా. కళాసీల్లో చదువుకున్న కుర్రాడికి అప్పగించండి. ప్రెషర్ ఈ రోజు 1.4, వచ్చే నెల 1.2, ఆ తర్వాత 0.9 అని కాగితం మీద కనిపిస్తే వచ్చే ఖర్చు ఇప్పుడే కనిపించినట్టు. రోజూ చూసే కంటికి ఆ తేడా తెలియదు. ఇంజిన్ బోరుకొచ్చాక, అంటే సిలిండర్లు తొలిపించాల్సి వచ్చాక, లెక్కలు చూసుకోవడం కన్నా, మెటల్స్ మాత్రమే మార్చుకునే దశలో పట్టుకోవడం ఎంతో చవక.

8. జూన్‌లో మొదటి పరుగు

నిషేధం ముగిసే ముందు, అధికారుల అనుమతి తీసుకుని, వలలూ ఐసూ లేకుండా హార్బర్ బయట ఒక గంట పరుగు పెట్టండి. డాల్ఫిన్ నోస్ కొండ కంటికి కనిపిస్తున్నంత దూరంలోనే ఉండాలి. పావుగంట స్లోలో, అరగంట ప్రయాణం స్పీడులో, చివరి పావుగంట వల లాగే స్పీడులో నడపండి. ఏప్రిల్‌లో తీసిన గ్లాసు వీడియోని పక్కన పెట్టి పోల్చండి. తిరిగొచ్చి కట్టేశాక డిప్‌స్టిక్ చూడండి, మౌంటింగ్ బోల్టులనీ కప్లింగు బోల్టులనీ మళ్లీ ఒకసారి టార్క్ రెంచ్‌తో బిగించండి, గొట్టాల మీద టార్చి వెయ్యండి, షాఫ్టు గ్లాండు (షాఫ్టు బయటికి వెళ్లే చోట నీళ్లు లోపలికి రాకుండా ఆపేది) దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడండి. గ్లాండులోంచి నిమిషానికి కొన్ని చుక్కలు కారడం మంచిదే, ఆ నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి.

అన్నీ సరిగ్గా ఉన్నాయని నోటుబుక్కులో రాశాకే ఐసు ఎక్కించండి.